మబ్బు ముందే చెప్తది



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ తమ్ముళ్ళు ఫోన్ చేస్తే, "నేనేం రాస్త తమ్మీ, పానా పట్టే చెయ్యి నాది" అన్నాను. "నీ నౌకరి పోయిన సంగతే రాయన్నా, నవ్వుకుంట చెప్తవు గదా" అన్నారు. సరే, అదే రాస్తున్నాను. ఇప్పుడు నవ్వుతూ చెప్తున్నాను గానీ అప్పుడు రోజూ నవ్వు వచ్చిందని కాదు.

మాది అచ్చంపేట దగ్గర పల్లె. నాయిన పాలమూరు లేబరు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని అమ్మను వెంటబెట్టుకొని పోయేవాడు. శ్రీశైలం డ్యాం దగ్గర రాళ్ళు మోశాడు, తర్వాత మహారాష్ట్ర కాలువల మీద మట్టి తవ్వాడు. నన్ను వెంట తిప్పలేక మన హాస్టల్లో వేశాడు. 1992లో పదో తరగతి పాసై, ఐ.టి.ఐ. ఫిట్టర్ చేసి, 1998లో నల్లగొండ జిల్లాలో రోడ్డు పక్కన ఉన్న ఒక నూలు మిల్లులో చేరాను. రింగ్ ఫ్రేముల మెయింటెనెన్స్ నా పని. మన హాస్టల్లోనే నా తర్వాత చదువుకున్న ఒక తమ్ముడిని 2007 జూన్‌లో నేనే మేనేజరుతో మాట్లాడి అదే మిల్లులో పెట్టించాను. ఆ తమ్ముడి సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

2012లో రాష్ట్రమంతా కరెంటు కరువు వచ్చింది. పరిశ్రమలకు వారంలో కొన్ని రోజులు కరెంటు ఇవ్వకుండా 'పవర్ హాలిడే' పెట్టారు. ఇంట్లో కరెంటు పోతే విసనకర్ర వెతుక్కుంటాం. నూలు మిల్లులో పోతే అలా కాదు. ఫ్రేము ఆగి మళ్ళీ తిరిగే సరికి వందల స్పిండిళ్ళ మీద దారం తెగి ఉంటుంది. ఒక్కొక్కటే అతకాలి. అతికే లోపల మళ్ళీ పోతుంది. ముందు మూడు షిఫ్టులు రెండయ్యాయి. తర్వాత ఒకనాడు నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. అందులో 'లేఆఫ్' అని ఉంది.

ఆ మాటకు అర్థం చాలామందికి తెలియదు, అప్పుడు నాకూ తెలియదు. లేఆఫ్ అంటే ఉద్యోగం పోవడం అనుకొని మా సెక్షన్‌లో ఒకాయన అక్కడే ఏడ్చాడు. యూనియన్ పెద్దమనిషి కూర్చోబెట్టి చెప్పాడు. పారిశ్రామిక వివాదాల చట్టం 1947 ప్రకారం కరెంటు గానీ ముడిసరుకు గానీ లేక యజమాని పని చూపించలేకపోతే అది లేఆఫ్. మన పేరు రోలు మీదనే ఉంటుంది. యాభై మందికి తగ్గకుండా పనిచేసే ఫ్యాక్టరీలో ఏడాది సర్వీసు నిండినవాళ్ళకు బేసిక్, డి.ఎ. కలిపి అందులో సగం ఇవ్వాలి. కాకపోతే రోజూ పోయి హాజరు వేయించుకోవాలి. పన్నెండు నెలల్లో 45 రోజులు దాటితే మాత్రం యజమాని రిట్రెంచ్‌మెంట్ చేయవచ్చు. అంటే పేరే కొట్టివేయడం. అప్పుడు నెల నోటీసు గానీ నెల జీతం గానీ, దాంతో పాటు చేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల వేతనం ఇవ్వాలి. చివర చేరినవాడిని ముందు తీయాలి. మా మిల్లులో రోలు మీద ఉన్నది ఎనభై మంది. అందరం వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాం.

పొద్దున పోయి సంతకం పెట్టడం, వేపచెట్టు కింద కూర్చోవడం, తిరిగి రావడం. మన హాస్టల్ స్టడీ అవర్ లాగానే, హాజరు పడితే చాలు.

ఇంట్లో చెప్పలేదు. పది రోజులు టిఫిన్ బాక్సు పట్టుకొని మామూలుగా పోయి వచ్చాను. పదకొండో రోజు నా భార్య అంగీ ఉతుకుతూ అడిగింది: "ఏందయ్యా, పద్నాలుగేండ్ల సంది నీ అంగీకి దూది లేని రోజు లేదు. పది రోజుల సంది పెండ్లికి పోయొచ్చినట్టు వస్తున్నవ్. ఏం సంగతి?"

దొరికిపోయాను. మొత్తం చెప్పాను. కొట్లాడుతుందనుకున్నాను. "పది రోజులు ఒక్కనివే మోసినవా?" అని మాత్రం అన్నది. ఆ మాటకే నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి.

అప్పుడు నాయిన, అమ్మ మా దగ్గరే ఉన్నారు. అన్నీ విని నాయిన ఒకటే నవ్వు. "దీనికేనా గింత రంది? మాకు ఏటేటా గదే గదరా. వాన పడ్డదంటే మేస్త్రీ మూట గట్టుమనేటోడు. మీకు కాగితం అంటిస్తరు, మాకు మబ్బు చెప్పేది. మబ్బు ముందే చెప్తది బిడ్డా. మనం పైకి చూడాలె, గంతే."

తర్వాత ఇంకో మాట అన్నాడు. మబ్బు కనబడంగనే పోయిన ఏటి గింజలు గుమ్మిలో ఎన్ని ఉన్నాయో ముందు చూసుకునేవాళ్ళట. ఆ తర్వాతే భయపడాలా వద్దా అన్నది.

ఆ రాత్రి నా హాస్టల్ పెట్టె దింపాను. ఆరో తరగతిలో నాయిన కొనిచ్చిన రేకు పెట్టె. అందులో పాత బట్టలు తీసేసి కాగితాలు సర్దాను. అపాయింట్‌మెంట్ ఆర్డరు, జీతం స్లిప్పులు, పి.ఎఫ్. స్లిప్పులు, ఇ.ఎస్.ఐ. కార్డు, ఐ.టి.ఐ. సర్టిఫికెట్. రెండు జీతం స్లిప్పులు దొరకలేదు. నౌకరి ఉండగానే ఆఫీసులో అడిగి తెచ్చుకున్నాను. గేటు బయట నిలబడి అడిగితే ఎవరూ ఇయ్యరు.

మన వార్డెన్ సారు స్టాక్ రిజిస్టరు ఎట్ల రాసేవారో గుర్తుందా? బియ్యం, పప్పు, నూనె, ఉన్నది ఒక గీత, ఖర్చు ఒక గీత. నోటుబుక్కులో అట్లనే గీతలు కొట్టి నేను, నా భార్య కూర్చున్నాం. సగం జీతం వస్తే ఎన్ని నెలలు, ఏమీ రాకపోతే ఎన్ని నెలలు అని లెక్క తీశాం. ఏమీ రాకపోతే రెండున్నర నెలలు అని తేలింది. తక్కువే. కానీ అంతవరకు మా భయానికి లెక్క లేదు, ఇప్పుడు రెండున్నర నెలలు అని ఒక లెక్క దొరికింది.

తర్వాత ఒక్కొక్కటే చేశాం. చిట్టీ తొందరపడి పాడుకోకుండా ఆపాం, కష్టం వచ్చిన నెలకు పనికొస్తుందని. కిస్తీ మీద టీవీ కొనాలన్న ఆలోచన మానుకున్నాం. నాయిన, అమ్మల రేషన్ కార్డు మీద మనిషికి 4 కిలోల చొప్పున రూపాయి కిలో బియ్యం వదలకుండా తెచ్చుకున్నాం. నా భార్య మూలకు పడ్డ కుట్టుమిషను తీసి జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. లేఆఫ్ రోజుల్లో సంతకం పెట్టి, నేను నేరుగా ఒక మోటరు వైండింగ్ దుకాణానికి పోయేవాణ్ణి. మూడు నెలలు పైసా అడగకుండా పని నేర్చుకున్నాను. ఫిట్టరును గనక చెయ్యి తొందరగానే తిరిగింది.

ఇంట్లో నవ్వులు అప్పుడే మొదలయ్యాయి. నాలుగో తరగతి చదివే మా బిడ్డ వంటింటి తలుపు మీద నోటీసు అంటించింది: 'నేటి నుండి చక్కెరకు వారంలో మూడు రోజులు పవర్ హాలిడే. ఇట్లు, యాజమాన్యం.' ఆదివారం కోడికూర ఏదని అడిగితే నా భార్య, "కోడిని లేఆఫ్ చేసినం. పేరు రోలు మీదనే ఉన్నది, రంది పడకు" అనేది. పప్పుచారు పలుచనైంది. "ఇది మా హాస్టల్ చారు, ఇందుల పప్పుగింజ దొరికినోనికి బహుమతి" అని నేను. నాయిన మాత్రం రోజూ సాయంత్రం, "ఏం సారూ, ఇయ్యాల సంతకం మంచిగ పెట్టినవా?" అని అడిగేవాడు.

ఒకరోజు బిడ్డ అడిగింది, "నాయినా, నీకు నౌకరి పోతే నన్ను గూడ హాస్టల్ల వేస్తవా?" నవ్వుతూనే అడిగింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. హాస్టల్ చెడ్డదని కాదు తమ్ముళ్ళారా, నన్ను మనిషిని చేసింది హాస్టలే. కానీ నేను వేరే దారి లేక పోయాను. నా బిడ్డ పోతే ఇష్టపడి పోవాలె అనుకున్నాను. మరుసటి ఏడు తనే గురుకులం పరీక్ష రాస్తానన్నది, సీటు వచ్చింది, పోయింది. అది వేరే సంగతి.

2013 జనవరిలో లిస్టు పడింది. చివర చేరినవాళ్ళు ముందు. నా పేరు లేదు. మా తమ్ముడి పేరు ఉంది. నిజం రాయాలంటే, లిస్టు చూసిన వెంటనే నాకు సంతోషమైంది. తమ్ముడి పేరు కనబడినా ఆ సంతోషం వెంటనే పోలేదు. ఆ సంగతి ఇప్పటికీ నాకు గుచ్చుతుంది. 'నువ్వు పెట్టించినోడు నీ కంటే ముందు పోయిండు' అని ఎవరూ అనలేదు. నాకే అనిపించింది. ఆ వారం అతనికి మొఖం చూపించలేకపోయాను.

ఎనిమిదో రోజు అతని భార్య ఫోన్ చేసింది. "అన్నా, మీ తమ్మునికి మళ్ళ నైట్ షిఫ్టు ఎప్పుడు పడుతది? పొద్దున పోతుండు, తిండి సక్కగ తింటలేడు." నా గుండె ఆగినట్టయింది. అతను ఇంట్లో చెప్పలేదు.

వెతుక్కుంటూ పోతే నల్లగొండ బస్టాండులో దొరికాడు. దేవరకొండ బస్సులు ఆగే దగ్గర బెంచీ మీద, ఒళ్ళో టిఫిన్ బాక్సు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, హాస్టల్లో సీనియర్లను చూసి నిలబడ్డట్టు.

"ఎన్ని రోజులాయె?"

"ఎనిమిది రోజులన్నా."

"రోజూ ఈడనేనా?"

"ఇంటికాడ ఎట్ల జెప్పాలన్నా? ఐ.టి.ఐ. చదివినోడని పిల్లనిచ్చిండ్రు."

ఇద్దరం బాక్సు విప్పి తిన్నాం. జొన్నరొట్టె, పుంటికూర తొక్కు. తిన్నాక నా అంగీ సంగతి చెప్పాను, దూది అంటక దొరికిపోయానని. మొదటిసారి నవ్వాడు. సాయంత్రం ఇద్దరం కలిసే వాళ్ళింటికి పోయాం. నేను చెప్పాను. ఆ చెల్లె కాసేపు గోడకు ఆనుకొని నిలబడి, "నౌకరేనా పోయింది? మనిషికే ఏదో రోగమొచ్చి దాస్తుండనుకొని నాకు నిద్రలేదన్నా" అన్నది. తమ్ముళ్ళారా, చెబితే వాళ్ళు భయపడతారని మనం దాస్తాం. దాస్తే వాళ్ళు ఇంకా పెద్దదానికి భయపడతారు.

మిల్లులో అతనికి పరిహారం లెక్క కట్టారు గానీ గ్రాట్యుటీ మాట ఎత్తలేదు. అప్పుడు అమల్లో ఉన్న 1972 నాటి గ్రాట్యుటీ చట్టం ప్రకారం అయిదేళ్ళు దాటిన సర్వీసుకు అది హక్కు. అతనిది అయిదేళ్ళ ఏడు నెలలు. ఆరు నెలలు దాటింది కాబట్టి ఆరేళ్ళు. బేసిక్, డి.ఎ. కలిపి 6,500. దాన్ని 26తో భాగించి, 15తో, ఆరుతో హెచ్చిస్తే 22,500 రూపాయలు. మన లెక్కల సారు నేర్పిన హెచ్చవేతే. ఫారం నింపి ఇచ్చాం. ఇయ్యకపోతే లేబర్ ఆఫీసుకు పోతామని మర్యాదగా చెప్పాం. ఇచ్చారు.

2014లో నా వంతు కూడా వచ్చింది, యూనిట్టే మూతబడింది. ఆరోజు ఇంట్లో ఎవరూ ఏడవలేదు. నా భార్య, "ఆఖరికి నిన్ను రిట్రెంచ్ చేసిండ్రు, ఇయ్యాల కోడిని డ్యూటీకి పిలుస్త" అని కూర వండింది. వచ్చిన డబ్బు, చిట్టీ డబ్బు కలిపి కొండమల్లేపల్లిలో నేను, తమ్ముడు మోటరు వైండింగ్ దుకాణం పెట్టాం. చిత్రమేమంటే, కరెంటు లేక మా మిల్లు ఆగింది. అదే కరెంటు పోయి వచ్చి, లో ఓల్టేజీతో రైతుల బోరు మోటార్లు కాలేవి. ఆ కాలిన మోటార్లే మాకు అన్నం పెట్టాయి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనాక మా దుకాణానికి మోటార్లు తగ్గాయి. రైతుకు మంచిదే గదా! తమ్ముడు, "అన్నా, మళ్ళ మబ్బు పట్టింది" అన్నాడు. స్టార్టర్లు, కూలర్లు, నీళ్ళ ప్లాంట్ల రిపేరు నేర్చుకున్నాం.

మన హాస్టల్ నుంచి పోయి హైదరాబాదులో కంప్యూటర్ల ముందు కూర్చున్న తమ్ముళ్ళు కొందరికి 2022, 2023లలో ఈ లేఆఫ్ మాట మెయిల్లో వచ్చింది. ఫోన్ చేసి బాధపడ్డారు. వాళ్ళకు చెప్పిందే మీకూ చెప్తున్నాను. మొదటి రోజే ఇంట్లో చెప్పండి. నౌకరి ఉండగానే కాగితాలు పెట్టెలో పెట్టుకోండి. ఉన్నది ఎన్ని నెలలకు వస్తుందో రాసుకోండి. చేతికి ఇంకో పని నేర్పండి. హక్కులు తెలుసుకోండి. 1947 చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది, నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల వేతనం అందులోనూ ఉన్నాయి. తోటివాడి పేరు లిస్టులో కనబడితే ఎనిమిది రోజులు ఆగకండి. నేను ఆగాను. మీరు ఆ సాయంత్రమే వాళ్ళింటికి పోండి.

నాయిన ఇప్పుడు లేడు. వాన మబ్బు పట్టినప్పుడల్లా నా భార్య గుమ్మి లేకున్నా బియ్యం డబ్బా మూత తీసి చూస్తుంది.

మన హాస్టల్ వార్షికోత్సవం జయప్రదంగా జరగాలని కోరుకుంటూ,

మీ అన్న,
పూర్వ విద్యార్థి, 1992 పదో తరగతి బ్యాచ్