ఇంజిన్ దించే ముందు ఒక్క కాయిల్ మార్చి చూడండి

నాన్న టాక్సీ మీదే మా ఇల్లు నడుస్తుంది. పోయిన వానాకాలం బండి మిస్సింగ్ మొదలెట్టింది. సిగ్నల్ దగ్గర ఆగితే వణుకు, ఫ్లైఓవర్ ఎక్కితే పికప్ లేదు. షెడ్డులో శబ్దం విని ‘ఇంజిన్ బోర్‌కి వచ్చింది, దించాల్సిందే’ అన్నారు. చెప్పిన ఖర్చు నాన్న రెండు నెలల సంపాదన!

ఒక్కరోజు ఆగమన్నాను. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కి బ్లూటూత్ స్కానర్ పెట్టి ఫోన్‌లో చూస్తే, పీ0302 అని వచ్చింది. అంటే రెండో సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండట్లేదని. ఎందుకు మండట్లేదో మాత్రం కోడ్ చెప్పదు. అది మనమే తేల్చుకోవాలి.

ఇంజిన్ చల్లారాక రెండో సిలిండర్ కాయిల్ తీసి మూడోదానికి, మూడోదాని కాయిల్ రెండోదానికి పెట్టాం. పాత కోడ్ చెరిపేసి వీధి చివరిదాకా నడిపాం. ఈసారి పీ0303! కాయిల్ ఎటు వెళ్తే జబ్బూ అటే వెళ్లింది. ఇంజిన్ నిక్షేపంగా ఉంది. కొత్త కాయిల్ ఒక్కటి వేస్తే వణుకు పోయింది.

కోడ్ కదలకపోతే ఇలాగే ప్లగ్గు మార్చి చూడాలి. తర్వాత ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్ టెస్ట్. ఇంజిన్ దించడం అన్నిటికన్నా చివరి మాట. ఇంజిన్ లైట్ ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం బండి పక్కన ఆపేయండి. మండని పెట్రోల్ వెళ్లి కెటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది. అది కాయిల్ కన్నా చాలా ఖరీదు.

నాన్న మెకానిక్‌ని ఒక్క మాటా అనలేదు. ‘ఆయన విన్నాడు, నువ్వు చూశావు. అంతే తేడా’ అన్నారు. ఇప్పుడు టాక్సీ స్టాండ్‌లో ఎవరి బండి వణికినా ముందు నాకే ఫోన్.