తొట్టి కింద రాలిన దాణా

కోళ్ల దాణాలో కలిపే పొడులనూ ద్రావణాలనూ పరీక్షించే చోటు ఎలా ఉంటుందో చూసి రాయమని ఒక రైతు మాసపత్రిక సంపాదకుడు అడిగారు. హైదరాబాద్ శివారులోని ఒక ప్రభుత్వ పరిశోధన కేంద్రానికి వెళ్లాను. అధికారులు ఆదరంగా అన్నీ తిప్పి చూపిస్తామన్నారు. ప్రయోగశాలలో ఖరీదైన యంత్రాలున్నాయి, గోడల నిండా పటాలున్నాయి. వాటి గురించి రాసేవాళ్లు వేరే ఉన్నారు. నేను షెడ్డులో ఒక పెద్దాయన పని దగ్గర ఆగిపోయాను. సాయంత్రం దాకా అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు.

ఆయన చేతిలో గోడలకు రంగులు వేసే చిన్న బ్రష్ ఉంది. ఎదురుగా వరసకట్టి ఇనుప బోనులు, ఒక్కో బోనులో ఎనిమిది బ్రాయిలర్ పిల్లలు. బోను బయట దాణా తొట్టి, తొట్టి కింద రేకు. పిల్లలు ముక్కుతో చిమ్మినప్పుడు రాలే పలుకులు ఆ రేకులో పడతాయి, వాటితోపాటు నూగూ, ఎగిరిపడ్డ రెట్టా. పెద్దాయన రేకు లాగుతారు. రెట్ట ముక్కల్ని వేలితో ఏరేస్తారు. నూగును మెల్లగా ఊదేస్తారు. మిగిలిన పలుకుల్ని బ్రష్‌తో మూలకు తోసి, చిన్న జల్లెడలో ఆడించి, ఆ బోను నంబరున్న కవరులో పోసి తూస్తారు. ఆ తర్వాత తొట్టిలో మిగిలినదాన్ని విడిగా తూస్తారు. ఇలా 32 బోనులు. పక్కన ఎం.వి.ఎస్సీ. చదివే అమ్మాయి నోటుపుస్తకంలో అంకెలు రాసుకుంటోంది.

"కింద పడ్డది తీయకుంటే పిల్ల తిన్నట్టే లెక్కల పడుతది గదా సారూ. తినంది తిన్నదని రాస్తే అది అబద్ధమే" అన్నారాయన, తల ఎత్తకుండానే.

ఆ మాట ఎంత బరువైందో లెక్క వేస్తేగాని నాకు తెలియలేదు. కిలో బరువు పెరగడానికి ఎన్ని కిలోల దాణా పట్టిందన్నదే బ్రాయిలర్ రైతు బతుకు. దాన్నే ఎఫ్.సి.ఆర్. అంటారు. మంచి యాజమాన్యంలో అది 1.6 అటూ ఇటూగా ఉంటుంది. దాణాలో కలిపే ఒక ఎంజైమో మరో పొడో దాన్ని 1.55కు దించితే గొప్పే. పదివేల కోళ్లు రెండేసి కిలోలు పెరిగే షెడ్డులో 0.05 తగ్గడమంటే ఒక టన్ను దాణా మిగిలినట్టు. శాతంలో చూస్తే ఆ తేడా మూడు. ఇప్పుడు రేకులో రాలిన పలుకుల సంగతి చూడండి. ఒక్కో పిల్ల రోజుకు మూడు గ్రాములు చిమ్మితే 42 రోజుల్లో 126 గ్రాములు. అది తినే మొత్తం మూడు కిలోల పైచిలుకే కాబట్టి, ఇదీ దాదాపు నాలుగు శాతం. అంటే రాలిన దాణాను ఊడ్చి తూచేవాడు బద్ధకిస్తే పుట్టే తప్పు, మనం వెతుకుతున్న మేలుకన్నా పెద్దది. మందు పనిచేసిందా లేదా అన్న తీర్పులో ఆ బ్రష్‌కు అంత వాటా ఉంది.

ఆ అమ్మాయి పరీక్షిస్తున్నది టాక్సిన్ బైండర్‌ను. వానల్లో తడిసి, సరిగా ఎండకుండా గోదాముకు చేరిన మొక్కజొన్నకూ వేరుశనగ చెక్కకూ బూజు పడుతుంది. ఆ బూజుల్లో కొన్ని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు అంతుచిక్కకుండా చచ్చిపోతే, కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిలో దొరికింది. ఈ విషం మొదట కాలేయాన్ని పడుతుంది. కాలేయం పాలిపోయి పసుపు తిరుగుతుంది, ఉబ్బుతుంది. ఎదుగుదల ఆగుతుంది, టీకాలు సరిగా పట్టవు. పేగులోనే విషాన్ని పట్టేసి రెట్టతో బయటికి పంపడానికి కొన్ని రకాల బంకమట్టిని దాణాలో కలుపుతారు. అదే బైండర్.

పిల్లల్ని నాలుగు గుంపులు చేశారు. ఒకదానికి మంచి దాణా, ఒకదానికి విషం కలిసిన దాణా, ఒకదానికి విషమూ బైండరూ. నాలుగోదానికి మంచి దాణాలోనే బైండర్. విషమే లేనప్పుడు బైండర్ దేనికని అడిగాను. "అదే అసలైన గుంపు సార్. విషాన్ని పట్టే మట్టి విటమిన్లనూ మందులనూ పట్టకూడదని ఏముంది? మేలు చేస్తుందా అన్నది ఒక ప్రశ్న. కీడు చేయకుండా ఉంటుందా అన్నది ఇంకో ప్రశ్న" అంది. ఇంత స్పష్టంగా ఈ విషయం చెప్పినవాళ్లు నాకు అంతకుముందు తగల్లేదు. బజారులో అమ్మే సంచుల మీద ఈ రెండో ప్రశ్న కనిపించదు. అఫ్లాటాక్సిన్‌ను బాగా పట్టే మట్టి మిగతా బూజు విషాల్లో చాలావాటిని సరిగా పట్టలేదు. అన్ని విషాలకూ ఇదొక్కటే మందని అచ్చువేసిన సంచులు మాత్రం ఏ దుకాణంలో చూసినా ఉంటాయి.

దాణా కలిపే గదిలోనూ పెద్దాయన చేతులే పనిచేస్తున్నాయి. యంత్రం ఉంది గానీ, చారెడు పొడిని నేరుగా అందులో వేయనివ్వరు. ముందు పొడిని గుప్పెడు మొక్కజొన్న పిండిలో అరచేతులతో రుద్దుతారు. దాన్ని కిలో పిండిలో, ఆ కిలోను ఐదు కిలోల్లో, ఆ ఐదును పాతికలో కలుపుతారు. అప్పుడుగాని యంత్రంలో పోయరు. ఆవకాయలో ఉప్పు అంతటా పట్టకపోతే ఏ ముక్క దగ్గర బూజు మొదలవుతుందో చెప్పలేం. దాణా సంగతీ అంతే. బ్రాయిలర్లకు రక్తపారుడు రాకుండా కలిపే మోనెన్సిన్‌నే తీసుకోండి. టన్ను దాణాకు సుమారు 100 గ్రాములు. ఆ మోతాదులో కోడికి అది రక్ష. గడ్డలు కట్టి ఒకచోట ఎక్కువ పడితే కోడికే ముప్పు. అదే దాణా పొరపాటున గుర్రం తింటే గుండె కండరం దెబ్బతిని చనిపోతుంది. కోడికి మంచిదైనది గుర్రానికి విషం కావచ్చు, తగిన మేరకు మంచిదైనది మోతాదు దాటితే చెడుపు కావచ్చు. అందుకే ఐరోపాలో కొత్త పొడికి అనుమతి అడిగేవాళ్లు సిఫారసు చేసిన మోతాదుకు చాలా రెట్లు, కుదిరితే పది రెట్లు పెట్టి జంతువు తట్టుకుంటుందో లేదో చూపాలి.

తాను కలిపే పొడి ఏదో, ఏ సంచిలో ఏ దాణా ఉందో పెద్దాయనకు తెలియదు. సంచుల మీద రంగు గుర్తులే ఉంటాయి. మధ్యలో ఆ అమ్మాయి మాట జారబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"చెప్పకు బిడ్డా. ఎరకైతే చెయ్యి అటు మొగ్గుతది."

పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు పుస్తకాల్లో రాసే నియమాన్ని ఆయన తన చెయ్యి స్వభావం తెలిసి పాటిస్తున్నారు. ఆ క్షణాన ఆయనంటే నాకు కలిగిన గౌరవం ఈ కథనమంతటా కనబడితే అది దాచవలసిన సంగతేమీ కాదు.

మధ్యాహ్నం షాద్‌నగర్ వైపు నుంచి ఒక రైతు వచ్చారు. ఏ కంపెనీ కిందా కాకుండా సొంతంగా బ్రాయిలర్లు పెంచుతున్నారు. చేతిసంచి బోర్లిస్తే ప్యాకెట్లు, సీసాలు.

"మేడమ్, ఒక్క బ్యాచ్‌కు ఇన్ని కలుపుతున్న. లివర్ టానిక్ అంటడొకడు, ఎంజైమ్ అంటడొకడు. ఏది ఆపుదామన్నా భయమైతది. బ్యాచ్ మంచిగొస్తే మా మందు గొప్పంటరు. దెబ్బతింటే ఎండలంటరు, పిల్ల మంచిది కాదంటరు. వీటిల ఏది పనిచేస్తదో మీరన్న చెప్పుండ్రి."

"మేం పరీక్షించినవాటి గురించే చెప్పగలను అన్నా. వీటిలో ఎక్కువ శాతం ఇక్కడికి రాలేదు" అంది ఆ అమ్మాయి.

అక్కడే నాకు కోపం వచ్చింది. ఆ రైతు మీద కాదు. ఇన్ని సీసాలు ఆయన సంచిలోకి చేరేలోపు ఏ ఒక్కచోటా "చూపించు" అని అడిగేవాళ్లు లేకపోయినందుకు. ఐరోపా సమాఖ్య 2003లో చేసిన చట్టం ప్రకారం దాణాలో కలిపే ప్రతి పదార్థమూ ముందుగా అనుమతి పొందాలి. అది జంతువుకూ, మాంసం తినే మనిషికీ, సంచి విప్పి కలిపే కూలీకీ, పరిసరాలకూ హాని చేయదని కాగితాలతో నిరూపించాలి. పనిచేస్తుందని చెప్పుకుంటే అదీ నిరూపించాలి, మామూలుగా మూడు వేర్వేరు ప్రయోగాలతో. ఇచ్చిన అనుమతి పదేళ్లకే, తర్వాత మళ్లీ పరిశీలన. మనకు భారత ప్రమాణాల సంస్థ కోళ్ల దాణాకు కొలతలు రాసిపెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2020లో పశుదాణా చట్టం చేసింది. అవి మంచివే. కానీ సంచిలో ఏముందో చూడటం ఒకటి, ఆ ఉన్నది రైతు పెట్టిన డబ్బుకు తగిన పని చేసిందా అని చూడటం ఇంకొకటి. రెండోదాన్ని మనం రైతుకే వదిలేశాం. ఆయనేమో పోల్చి చూసుకోవడానికి రెండో షెడ్డు లేనివాడు.

పనిచేయడమూ హాని చేయకపోవడమూ వేర్వేరు ప్రశ్నలని నిరూపించిన కథ ఒకటుంది. దానికి తెలుగునేలతో దగ్గరి బంధం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధన విభాగానికి అధిపతిగా ఉండగా అక్కడ ఆరియోమైసిన్ అనే యాంటిబయాటిక్ పుట్టింది. 1948లో ఆయన కన్నుమూశారు. ఆ ఏడాది చివర అదే సంస్థలో థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు కోడిపిల్లలకు రకరకాల మేతలు పెట్టి తూచారు. వాళ్లు వెతుకుతున్నది విటమిన్ బి12ను. ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పి తిన్న పిల్లలు అన్నిటికన్నా ఎక్కువ బరువు తూగాయి. మందు తాలూకు జాడలే అందుకు కారణమని తర్వాత తేలింది. 1951లో దాణాలో యాంటిబయాటిక్ కలపడానికి అమెరికా అనుమతిచ్చింది. ఆ తూకంలో తప్పు లేదు. పిల్లలు నిజంగానే పెరిగాయి. పిల్ల పేగులోని సూక్ష్మజీవులు ఆ మందుకు లొంగకుండా మారుతున్నాయా అన్నది ఆ తక్కెడ చూపలేదు. ఆ ప్రశ్న గట్టిగా అడగడానికి దశాబ్దాలు పట్టింది. 1986లో స్వీడన్, 2006 జనవరి 1 నుంచి ఐరోపా సమాఖ్య అంతా పెరుగుదల కోసం యాంటిబయాటిక్స్ వాడకాన్ని ఆపేశాయి. 2015లో చైనాలో పందుల్లోనూ మాంసంలోనూ రోగుల్లోనూ సూక్ష్మజీవుల్ని కొలిస్టిన్‌కు లొంగకుండా చేసే జన్యువు దొరికింది. వేరే ఏ మందూ పనిచేయనప్పుడు ఆసుపత్రుల్లో చివరిగా ఎక్కించే మందు కొలిస్టిన్. దాన్ని మనం కోళ్ల దాణాలోనూ కలుపుతూ వచ్చాం. 2019 జూలైలో మాత్రమే కేంద్ర ప్రభుత్వం దాన్ని పశువులకూ కోళ్లకూ చేపలకూ నిషేధించింది. సుబ్బారావు పుట్టిన భీమవరం ఇప్పుడు రొయ్యల చెరువుల ఊరు. అక్కడి రొయ్య ఓడ ఎక్కేముందు దాని ఒంట్లో యాంటిబయాటిక్ జాడ ఉందేమోనని పరీక్ష చేయించుకోవలసి వస్తోంది.

యాంటిబయాటిక్స్ తీసేసిన చోటును నింపడానికే ఇప్పుడీ ప్రోబయోటిక్స్, ఆమ్లాలు, మూలికల సారాలు, నూనెలు వరదలా వస్తున్నాయి. వాటిలో నిజంగా మేలు చేసేవి ఉన్నాయి. మొక్కజొన్న, సోయాలో బిగుసుకున్న భాస్వరాన్ని విడిపించే ఫైటేజ్ ఎంజైమ్ దాణా ఖర్చునూ రెట్టలో పోయే భాస్వరాన్నీ తగ్గించిన సంగతి ఎన్నో ప్రయోగాల్లో తేలింది. తేలింది కాబట్టే నమ్ముతున్నాం. మిగతావాటినీ అలా తేల్చాలంటే బోనులూ తక్కెడా కావాలి, ఈ పెద్దాయన లాంటి చేతులు కావాలి.

ఆ చేతులు దినకూలీవి. ఇన్నేళ్లయినా ఆయన ఉద్యోగం పర్మనెంటు కాలేదు. షెడ్డులో ఖాళీ అయిన పోస్టులు ఖాళీగానే ఉన్నాయి. ఆయన మానేశాక రేకులు ఎవరు లాగుతారని అడిగితే ఆ అమ్మాయి జవాబు చెప్పలేదు. పరిశోధన విద్యార్థులు ఒక థీసిస్ కోసం వస్తారు, పని నేర్చుకునేలోపు వెళ్లిపోతారు. కొత్త యంత్రానికి నిధులొస్తాయి, దాని ముందు ఫొటో దిగుతారు. రాలిన దాణాను ఊడ్చే మనిషికి జీతం ఇవ్వడానికి మాత్రం పద్దు దొరకదు. ఊడ్చినదాని లెక్క తప్పితే ఆ యంత్రం ఇచ్చే అంకె ఎందుకు పనికొస్తుంది? కంపెనీల డబ్బుతో జరిగే ప్రయోగాల్లో మేలు కనబడినవి కరపత్రాలకెక్కుతాయి. మేలు కనబడనివి బీరువాల్లో ఉండిపోతాయి. కాబట్టి ప్రభుత్వ షెడ్డు బతకాలి, అక్కడ తేలింది ఏదైనా సరే, పనిచేయలేదన్న ఫలితంతో సహా, తెలుగులో రైతుకు అందాలి.

కోళ్ల రైతులకు ఒక మనవి. మీ దగ్గరికి పొడి తెచ్చినవాణ్ణి మూడు సంగతులు అడగండి. పొడి కలపని గుంపుతో పోల్చి చూశారా? ఎక్కడ, ఎవరు చూశారు? మోతాదు ఎక్కువైతే ఏమవుతుంది? జవాబు లేకపోతే షెడ్డును మధ్యలో జాలీతో విడదీసి, ఒకే రోజు వచ్చిన పిల్లల్ని రెండు వైపులా సమానంగా పోయండి. ఒకవైపే ఆ పొడి కలపండి. దాణా లెక్క, చావుల లెక్క విడివిడిగా రాయండి. ఒక బ్యాచ్‌తో తేల్చేయకండి, పొడి వైపును మార్చి మరో రెండు మూడు బ్యాచ్‌లు చూడండి. రెండువైపులా తూకం ఒకేలా ఉంటే ఆ సీసాకు పెట్టే డబ్బు మానుకోండి.