క్రోమోజోముల కాగితం

హార్మోను మందుల కోసం నా దగ్గరకు వచ్చే తిరునంగైలలో (ట్రాన్స్ మహిళలను తమిళంలో ఇట్లా అంటారు) కొందరు మందుల సంగతి తర్వాత అడుగుతారు. ముందు అడిగేది ఒక పరీక్ష గురించి. "క్రోమోజోములు చూడండి సార్, నాలో ఏదో ఉండే ఉంటుంది" అంటారు. వెంట తల్లి వస్తే ఆ మాట ఆవిడే అందుకుంటుంది. "పుట్టుకతోనే ఇట్లా అని ఒక్క ముక్క రాసివ్వండి. వాళ్ల నాయనకు చూపిస్తాను, మా అన్నదమ్ములకు చూపిస్తాను. ఇంక ఎవరూ నోరెత్తరు."

నేను ఉండేది కోయంబత్తూరులో. అప్పుడప్పుడు మదురైలో కూడా రోగులను చూస్తాను. వచ్చేవాళ్లలో మన భాషవాళ్లు తక్కువేమీ కాదు. పీళమేడు, ఆవారంపాళయం, గణపతి వైపు మిల్లుల చుట్టూ, ఫౌండ్రీల చుట్టూ పెరిగిన నాయుళ్ల కుటుంబాలు, నాయక రాజుల కాలం నుంచీ మదురై చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నవాళ్లు, ఊరు ఊడ్చే పనిలోనే తరాలు గడిపిన అరుంధతీయులు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మందు ఎట్లా వాడాలో తెలుగులో చెప్పి, చీటీ మీద తమిళంలో రాసిస్తాను. తెలుగు అక్షరం చదవగలిగేవాళ్లు అరుదు మరి. ఇన్ని తరాలు భాషను వదలని ఇళ్లు మేనరికాన్నీ వదల్లేదు. అలాంటి ఇంట్లో కొడుకు "నేను ఆడపిల్లను" అంటే అది ఆ ఒక్కరి సంగతితో ఆగదు. మేనమామ కూతురిని ఎవరికివ్వాలన్న లెక్క కూడా తారుమారవుతుంది. అందుకే ఆ తల్లికి కాగితం కావాలి. బిడ్డ మాట చాలదు, రక్తం మాట కావాలి.

మిల్లు కుటుంబానికి చెందిన ఒక తల్లికి ఆ పరీక్ష అక్కర్లేదని నేను చెప్పాను. (ఇక్కడ చెప్పే మనుషులెవరూ గుర్తుపట్టేట్టు లేకుండా వివరాలు మార్చాను.) అమ్మాయిని పరీక్షించాను, మందులు మొదలుపెట్టకముందు చూడాల్సిన హార్మోన్లు చూశాను, ఎక్కడా అనుమానం కలగలేదు. వాళ్లు వినలేదు. బయట ల్యాబులో డబ్బు కట్టి చేయించుకొచ్చారు. 46,ఎక్స్‌వై. మామూలు మగ క్రోమోజోములు. అప్పటిదాకా "మా అమ్మాయి" అంటున్న ఆ తల్లి, కాగితం మడిచి, "అయితే వీడికి ఏమీ లేదన్నమాటే కదా సార్" అంది. అడగకూడని ప్రశ్న పరీక్షను అడిగితే జరిగే నష్టం అది. హార్మోన్లు కోరి వచ్చే తిరునంగైలలో అత్యధికులకు ఉండేవి 46,ఎక్స్‌వై క్రోమోజోములే. అందుకే ఈ వైద్యం చేసేవాళ్లు అందరికీ క్రోమోజోముల పరీక్ష రాయరు. మనిషి తాను ఎవరనుకుంటుందో చెప్పే గీత ఏదీ క్రోమోజోముల బొమ్మలో ఉండదు.

ఈ కాగితం కోసం తపన మన ఇళ్లలోనే పుట్టింది కాదు. 1958లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ స్టోలర్ అనే మానసిక వైద్యుడి దగ్గరకు 19 ఏళ్ల యువతి వచ్చింది. పుస్తకాల్లో ఆమె పేరు ఆగ్నెస్, అసలు పేరు కాదు. మగపిల్లవాడిగా పెరిగాననీ, యుక్తవయసులో రొమ్ములు వాటంతటవే వచ్చాయనీ చెప్పింది. వైద్యులు అన్ని పరీక్షలూ చేసి, వృషణాల నుంచే ఈస్ట్రోజన్ ఊరే అరుదైన జన్మస్థితి అని నిర్ణయించారు. 1959లో ఆపరేషన్ చేశారు. కొన్నేళ్ల తర్వాత ఆమె తాపీగా చెప్పింది: 12 ఏళ్ల వయసు నుంచీ తల్లికి రాసిన స్టిల్‌బెస్ట్రాల్ అనే ఈస్ట్రోజన్ మాత్రలు దొంగతనంగా మింగుతూ వచ్చానని. ఆమెతో గంటల తరబడి మాట్లాడిన సామాజిక శాస్త్రవేత్త హెరాల్డ్ గార్ఫింకెల్ 1967 నాటి తన పుస్తకానికి ఈ సంగతి అనుబంధంగా చేర్చాల్సి వచ్చింది. చాలామంది డాక్టర్లు ఈ కథను వైద్యులు మోసపోయిన కథగా చెబుతారు. నాకు అట్లా అనిపించదు. పుట్టుకలో తేడా ఉంటేనే తలుపు తీస్తామన్నది వైద్యులు. ఆ పిల్ల తలుపుకు సరిపోయే తాళంచెవి చేసుకుని వచ్చింది.

అయితే దీన్ని పట్టుకుని, పరీక్షలే వద్దనే యువ డాక్టర్లతో నాకు పేచీ ఉంది. శరీరం తానే ఏదో చెబుతుంటే వినాలి.

మదురై వైపు నుంచి కాలు వాపుతో ఒకామె వచ్చింది. పిక్క గట్టిగా, వేడిగా ఉంది. లోపల రక్తం గడ్డకట్టింది. తిరునంగైలలో పెద్ద అయిన గురువు దగ్గర చేరినప్పటి నుంచీ మెడికల్ షాపులో గర్భనిరోధక మాత్రలు కొని, రోజుకు ఒకటి చాలదని మూడు నాలుగు వేసుకునేది. వాటిలో ఉండే ఇథినైల్ ఈస్ట్రడయాల్ రక్తాన్ని గడ్డకట్టించడంలో పేరుమోసింది. ఈ పనికి దాన్ని వాడటం ఎప్పుడో మానేశాం. కాబట్టి కారణం దొరికిపోయినట్టే. కానీ ఆమె చాలా పొడగరి, చేతులూ కాళ్లూ మరీ పొడవు. వృషణాలు చిన్నగా, గట్టిగా ఉన్నాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. ఈస్ట్రోజన్ ఏళ్ల తరబడి వాడితే ఎవరికైనా వృషణాలు కుంచించుకుపోతాయి, రొమ్ములు వస్తాయి, వృషణాలను పనిచేయించే ఎల్‌హెచ్ హార్మోను, మగ హార్మోను టెస్టోస్టిరోన్ పడిపోతాయి. పుట్టుకతో వచ్చినదేదో, మాత్రలతో వచ్చినదేదో హార్మోను పరీక్ష విడదీయలేదు. మాత్ర మార్చలేనిది క్రోమోజోములనే. ఆమెవి 47,ఎక్స్‌ఎక్స్‌వై.

దీన్ని క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ అంటాం. 1942లో వర్ణించారు, అదనపు ఎక్స్ సంగతి 1959లో తెలిసింది. సుమారు 600 మంది మగశిశువుల్లో ఒకరికి ఉంటుంది, ఎక్కువమందికి చచ్చేదాకా తెలియదు. పిల్లలు కలగలేదని పరీక్షకు వెళ్లినప్పుడు బయటపడేవి కొన్ని. ఈ స్థితిలో రక్తం గడ్డకట్టే ముప్పు, ఎముకలు పలచబడే ముప్పు మామూలుగానే ఎక్కువ. దాని మీద ఆ మాత్రలు. మాత్రలు వెంటనే మాన్పించి, గడ్డ కరిగాక చర్మం మీద రాసుకునే ఈస్ట్రడయాల్ జెల్ ఇచ్చాను. అది మాత్రలా ముందు కాలేయం మీదుగా పోదు కాబట్టి గడ్డల భయం తక్కువ. టెస్టోస్టిరోన్‌ను అణిచే మందు ఆమెకు అవసరమే పడలేదు. అణచడానికి అక్కడ ఉన్నదే కొంచెం.

రిపోర్టు చూసి ఆమె ఒకటే అడిగింది: "అయితే నేను నిజంగానే ఆడదాన్నా సార్?"

"ఎక్స్ ఒకటి ఎక్కువున్న మగవాళ్లు లక్షల్లో ఉన్నారమ్మా. తాము ఆడవాళ్లమని వాళ్లలో ఎక్కువమందికి అనిపించదు. నువ్వెవరో మొదటి రోజే నాకు చెప్పావు. ఈ కాగితం నీ కాలి గురించి చెబుతోంది" అన్నాను. ఆమెకు నచ్చలేదు. రిపోర్టుకు లామినేషన్ చేయించుకుంది. చేయించుకోనీ.

ఇంకొకామెది వేరే కథ. మాత్ర ఒక్కటీ మింగకముందే, పద్నాలుగో ఏటే రొమ్ములు వచ్చాయి. గడ్డం దాదాపు లేదు. గజ్జలో పాత కుట్ల మచ్చ. చిన్నప్పుడు హెర్నియా అన్నారట. మూత్రద్వారం కింద మరో మచ్చ, దానికి ఇంట్లో ఎవరూ పేరే పెట్టలేదు. పరీక్షల్లో టెస్టోస్టిరోన్ నిండుగా ఉంది, ఎల్‌హెచ్ ఇంకా ఎక్కువ. అంటే కూత ఉంది, వినే చెవి సరిగా లేదు. శరీరం మగ హార్మోనును సగమే వినే స్థితి ఇది. అమ్మమ్మను కూర్చోబెట్టి అడిగితే, చాలాసేపటికి, తన చెల్లెలొకామె "పెద్దమనిషి కాలేదు, పెళ్లీ కాలేదు" అని చెప్పింది. ఈ లోపం ఎక్స్ మీద తల్లి వైపు నుంచి దిగుతుంది, మేనరికంతో పని లేదు. మందుల లెక్క ఇక్కడా మారింది, లోపలి గ్రంథులను ఏటా స్కాన్‌తో కనిపెట్టుకోవాల్సిన పని చేరింది. తిరునంగై కదా, మాత్రలు వాడి ఉంటుందిలే అని అంతకుముందు చూసినవాళ్లు ఆ మచ్చల దాకా వెళ్లలేదు.

మేనరికంతో పని ఉన్నవి వేరే. 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము లోపం, అడ్రినల్ గ్రంథుల వంశపారంపర్య లోపం రెండూ తల్లి నుంచీ తండ్రి నుంచీ చేరితేనే బయటపడతాయి. రక్తసంబంధం ఉన్న పెళ్లిళ్లలో ఆ అవకాశం పెరుగుతుంది. రెండోది ప్రమాదకరం. 46,ఎక్స్‌ఎక్స్, అంటే ఆడ క్రోమోజోములున్న బిడ్డ మగపిల్లవాడనిపించేట్టు పుట్టి, అట్లాగే పెరగొచ్చు. అలాంటి మనిషికి, ఒంట్లో ఉప్పు నిలవని రకం అయితే, ఏమీ చూడకుండా, మగ హార్మోనును అణిచే స్పైరనొలాక్టోన్ రాస్తే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. వృషణాలు తడిమి చూడటానికి డాక్టరుకు పట్టేది అర నిమిషం. అవి చేతికి తగలకపోతే అక్కడే ఆగాలి.

పరీక్ష అంటే భయపడేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు కారణమూ ఉంది. పుదుక్కోట్టై జిల్లా అమ్మాయి శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో వెండి పతకం గెలిచింది. లింగపరీక్ష పేరుతో పతకం లాక్కున్నారు, వార్త దేశమంతా తిప్పారు. రిపోర్టు ఎవరి చేతికి వెళ్తుందో ముందే తేల్చుకోవాలన్న పట్టుదల నాకు అప్పటి నుంచే. ఇప్పుడు మొదట రోగి ఒక్కరికే చెబుతాను. తల్లికి చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టం.

మదురైకే చెందిన గోపీ శంకర్ వంటి ఇంటర్‌సెక్స్ (ఇలాంటి పుట్టుక తేడాలున్నవాళ్ల) ఉద్యమకారులు ఏళ్ల తరబడి అడిగింది ఇంతకన్నా ముందటి విషయం: పసిబిడ్డ శరీరం మీద కత్తి పెట్టొద్దని. 2019 ఏప్రిల్ 22న మద్రాసు హైకోర్టు మదురై బెంచిలో జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్ ఇచ్చిన తీర్పు తూత్తుకుడిలో ఒక యువకుడికీ తిరునంగైకీ జరిగిన పెళ్లి చెల్లుతుందని చెప్పింది. అదే తీర్పు ఇంటర్‌సెక్స్ శిశువులకు లింగాన్ని "సరిచేసే" ఆపరేషన్లు ఆపమంది. ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం ప్రాణాపాయ సందర్భాలు మినహాయించి వాటిని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. దేశంలో మొదటిది అదే. దాని కన్నా ముందు కత్తి పడిన పిల్లలు ఇప్పుడు నా ఓపీలో పెద్దవాళ్లుగా కూర్చుంటున్నారు. ఏం తీశారో, ఏం కుట్టారో వాళ్లకు తెలియదు. ఆస్పత్రి రికార్డులు మిగల్లేదు, ఇంట్లో అడిగితే మాట దాటేస్తారు.

చదివేవాళ్లలో అమ్మానాన్నలు ఉంటారు కాబట్టి ఒక్క కోరిక. మీ బిడ్డకు పసితనంలో గజ్జలోనో, మూత్రద్వారం దగ్గరో, వృషణాలు దిగలేదనో ఆపరేషన్ జరిగి ఉంటే, డిశ్చార్జి కాగితాన్నీ బయాప్సీ రిపోర్టునూ పారేయకండి. సిగ్గుపడి దాచనూ వద్దు. బిడ్డ పెద్దయ్యాక చేతికివ్వండి.