మంచం పట్టని రోగం

“అడ్మిట్ అయితేనే సార్.”

జిల్లా ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర ఆరోగ్యమిత్ర అన్న మాట ఇది. మర్యాదగానే అన్నాడు. నా చేతిలో ఓపీ చీటీ ఉంది. దాని మీద సైకియాట్రీ డాక్టరమ్మ రెండు మాత్రల పేర్లు రాసి, కింద ‘కౌన్సెలింగ్ అవసరం’ అని రాసి గీత కూడా గీసింది. మాత్రలు అక్కడి ఫార్మసీలోనే పైసా తీసుకోకుండా ఇచ్చారు. కౌన్సెలింగ్ ఎక్కడ అని అడిగితే ఆ పోస్టులో ఇప్పుడు ఎవరూ లేరని నర్సు చెప్పింది. సరే, బయట చేయించుకుంటే ఆరోగ్యశ్రీలో వస్తుందా అని కౌంటర్ దగ్గరికి పోతే ఈ జవాబు. నేను నమ్మనేమో అనుకుని ఆయన కంప్యూటర్ తెర నా వైపు తిప్పబోయాడు కూడా. పాపం, ఆయనేం చేస్తాడు.

నా పక్కన నిలబడ్డ పిల్లవాడు మా కాలేజీలో డిగ్రీ సెకండియర్. పేరు, ఊరు, గ్రూపు ఏదీ రాయను. రెండు నెలలుగా నిద్ర లేదు. క్లాసులో కూర్చుంటాడు గానీ అక్కడ ఉండడు. ఓ సాయంత్రం అందరూ వెళ్లిపోయాక సైకిల్ స్టాండ్ దగ్గర ఒక్కడే కూర్చుని ఉంటే పోయి పక్కన కూర్చున్నాను. ఏం చెప్పాడో ఇక్కడ రాసే హక్కు నాకు లేదు. అంతా విన్నాక దవాఖానకు పోదాం అన్నప్పుడు వాడు అడిగిన మొదటి ప్రశ్న మాత్రం రాస్తాను. అది వాడొక్కడి ప్రశ్న కాదు కాబట్టి.

“ఆరోగ్యశ్రీల రాస్తే మా నాయిన ఫోన్‌కు మెసేజ్ పోతదా సార్? రేపు కానిస్టేబుల్ సెలక్షన్ల బయటపడ్తదా?”

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది, రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి, అది నీ హక్కు అని చెప్పాను. “చట్టంల ఉన్నది సరే సార్” అన్నాడు. అంతే అన్నాడు.

నేను తెలుగు చెప్పేవాణ్ని. కానీ మా కాలేజీ ఫైళ్లలో నేను కౌన్సెలింగ్ సెల్ కన్వీనర్ని. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలంది. మా దగ్గర ఆ ‘అర్హత’ నాలో కనిపించింది. ఎస్సీ, ఎస్టీ పిల్లలు సార్ దగ్గరికే ఎక్కువ పోతారు కదా అన్నారు. సమాసాలు విడదీయడం తెలిసినవాడికి మనసు ముళ్లు విప్పడం కూడా తెలుసని వాళ్ల లెక్క కావచ్చు.

ఆరోగ్యశ్రీని నేను తేలిగ్గా తిట్టలేను. 2012లో మా నాయినకు గుండెనొప్పి వచ్చింది. తెల్ల రేషన్ కార్డు పట్టుకుని హైదరాబాద్‌లో పెద్ద ఆసుపత్రికి పోయాం. స్టెంటు వేశారు. మా నాయిన ఏసీ గదిలో పడుకున్నది జీవితంలో అదే మొదటిసారి. చలి పుడుతోందని రెండు దుప్పట్లు అడిగాడు. ఇంటికొచ్చే రోజు బస్సు చార్జీలు కూడా చేతిలో పెట్టారు. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆ పథకం మొదలైనప్పటి నుంచి ఉన్న విమర్శలు నాకూ తెలుసు. సర్కారు దవాఖానలు బాగుపడాల్సిన డబ్బు ప్రైవేటు ఆసుపత్రులకు పోయిందన్న మాట అబద్ధం కాదు. కానీ ఆ కార్డు లేకపోతే మా నాయిన ఆ ఏడాదే పోయేవాడు. ఈ రెండూ నిజాలే. రెండింటినీ మోస్తూనే మాట్లాడాలి.

ఇక నా సంగతి. ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు.

2016 జనవరి 17న రోహిత్ వేముల పోయాడు. నేను వేరే యూనివర్సిటీలో పీహెచ్‌డీ మధ్యలో ఉన్నాను. ఆ తర్వాత నెలలన్నీ ధర్నాలు, ఊరేగింపులు. పగలు గొంతు పోయేదాకా నినాదాలిచ్చేవాణ్ని. రాత్రి హాస్టల్ మెట్ల మీద తెల్లారేదాకా కూర్చునేవాణ్ని. థీసిస్ తెరిస్తే అక్షరాలు కనపడేవి, అర్థం కనపడేది కాదు. ఊరికి పోతే అమ్మ గడప దగ్గరే చెప్పేసింది. “రంది వెట్టుకున్నవ్ బిడ్డా” అంది. దర్గాకు తీస్కపోయి తాయెత్తు కట్టించింది. యాభై ఒక్క రూపాయి. నేను హేతువాదిని, అయినా కట్టించుకున్నాను. మా అమ్మ దగ్గరున్న ఆరోగ్య బీమా అదొక్కటే.

రంది, మనాది, బుగులు, బెంగ. మన వాడల్లో ఈ రోగానికి ఎన్ని పేర్లో. మనాదితో మంచం పట్టింది అంటారు, మనాది పడి ఎండిపోయింది అంటారు. మా మేనత్త అట్లాగే ఎండిపోయింది. ఆమెకు ఏమైందని మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ అనరు, మనాది అంటారు, అందరికీ తెలిసిపోతుంది. ‘మనోళ్లకు మానసిక సమస్యల మీద అవగాహన లేదు’ అని సెమినార్లలో ఎవరైనా మొదలుపెడితే నాకు చిరాకు అందుకే. అవగాహన లేకపోతే ఇన్ని మాటలెక్కడివి? డాక్టరు కాగితం మీద రాసే కోడ్ ‘ఎఫ్ 32’ మాకు తెలియదు, అంతే. అది రాయించుకోవడానికి పైసల్లేవు.

ఒక స్నేహితురాలు బలవంతం చేస్తే నగరంలో ఒక కౌన్సెలర్ దగ్గరికి పోయాను. గంటకు వెయ్యి. అప్పుడు నా ఫెలోషిప్ నెలకు 25,000. కాగితం మీద. నెలల తరబడి వచ్చేది కాదు, వచ్చినప్పుడు అందులో సగం ఇంటికి పోయేది. ఆమె మంచి మనిషే. కానీ గైడు నా చాప్టర్‌ను చదవకుండానే మూడుసార్లు ఎందుకు తిప్పి పంపాడో చెప్పబోతే, రిజర్వేషన్ అంటే ఏమిటి అన్న దగ్గర నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. వెయ్యి రూపాయల్లో ఆరు వందలు ఆమెకు పాఠం చెప్పడానికే పోయాయి. మూడో వారం ఆమె, “మీరు ప్రతిదీ కులం వైపు నుంచి చూడటం కొంచెం తగ్గిస్తే తేలికగా ఉంటుందేమో” అంది. మళ్లీ పోలేదు.

ఇంకొకాయన దొరికాడు. మూడు వందలే తీసుకునేవాడు. మొదటిరోజే అడిగాడు: “మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరైనా ఇట్లా నిద్రపోకుండా ఉన్నారా?” మేనత్త గుర్తొచ్చింది. ముప్పావు గంట ఏడ్చాను. ఆయన కులం గురించి తగ్గించమనలేదు, పెంచమనలేదు. పగలు జరిగినదాన్ని రాత్రి నా మీద నేనే ఎట్లా తిప్పుకుంటున్నానో చూపించాడు. ఆరు వారాలకు నిద్ర పట్టడం మొదలైంది. ఏడో వారానికి డబ్బులు అయిపోయాయి. ఫెలోషిప్ అప్పటికి ఐదు నెలలుగా రాలేదు. ఆ మాట ఆయనతో చెప్పడానికి సిగ్గేసి, ఊరికి పోతున్నానని అబద్ధం చెప్పాను. ఆ తర్వాత ఓసారి బస్టాపులో ఆయన కనిపిస్తే ఎక్కాల్సిన బస్సు వదిలేసి పక్క సందులోకి తప్పుకున్నాను. నాయిన గుండె ఆపరేషన్ మధ్యలో డబ్బులు లేవని లేచి రాలేదు కదా. నేను లేచి వచ్చాను.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29న అమల్లోకి వచ్చింది. విద్యార్థి మిత్రులు అందులో రెండు సెక్షన్లు తప్పకుండా చదవాలి. 18వ సెక్షన్ మానసిక వైద్యం ప్రతి ఒక్కరి హక్కు అంటుంది, వివక్ష లేకుండా అందాలంటుంది, ఆ వివక్షల జాబితాలో కులం అనే మాట స్పష్టంగా ఉంది. 21వ సెక్షన్‌లో నాలుగో అంశం, శరీర రోగాలకు ఏ ప్రాతిపదికన బీమా ఇస్తారో మానసిక రోగాలకూ అదే ప్రాతిపదికన ఇవ్వాలంటుంది. ఆ ఏడాది ఆగస్టులో బీమా నియంత్రణ సంస్థ కంపెనీలన్నిటికీ ఆ మేరకు ఆదేశం పంపింది.

మెలిక ‘అదే ప్రాతిపదిక’ అన్న దగ్గరే ఉంది. మన బీమాకు ప్రాతిపదిక మంచం. జీతం వచ్చాక నేను కొనుక్కున్న ప్రైవేటు పాలసీ బయటికి తీసి చదివాను. మానసిక రోగాలు ఉన్నాయి, 24 గంటలు ఆసుపత్రిలో చేరితే. ఆయుష్మాన్ భారత్‌లో మానసిక రోగాలకు ప్యాకేజీలున్నాయి, చేరినవాళ్లకు. ఓపీకి వర్తించదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. పది లక్షలు! ఈ పిల్లవాడికి కావలసింది వారానికో గంట, ఓ పన్నెండు వారాలు. మా పక్క పట్నంలో గంటకు ఎనిమిది వందలు. మొత్తం 9,600. పది లక్షల కార్డులో ఈ తొమ్మిదిన్నర వేలకు చోటు లేదు. వాడు మంచం పట్టేదాకా, లేదా అంతకన్నా ఘోరం జరిగేదాకా ఆగితే అప్పుడు చోటు దొరుకుతుంది.

చేరకపోతే ఎట్లా ఇస్తాం అనేవాళ్లకు ఒక్క మాట. కిడ్నీ రోగులు వారానికి రెండు మూడుసార్లు వచ్చి డయాలసిస్ చేయించుకుని ఇంటికి పోతారు, ఆరోగ్యశ్రీ కడుతుంది. పుట్టు చెవిటి పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ వేశాక, వాళ్లను కూర్చోబెట్టి వినడం, మాట్లాడటం నేర్పే థెరపీకి కూడా అదే పథకం కడుతుంది. అంటే ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి వారం వారం మాట్లాడించే పనికి డబ్బు కట్టడం ఈ పథకానికి కొత్త కాదు. ఆస్ట్రేలియాలో డాక్టరు ఒక చికిత్స ప్లాన్ రాసిస్తే ఏడాదికి పది సెషన్ల దాకా ఫీజులో భాగం అక్కడి ప్రభుత్వ బీమా మెడికేర్ కడుతుంది. మనకు ఆ ప్లాన్ కూడా కొత్తగా కనిపెట్టక్కర్లేదు, ఆ డాక్టరమ్మ గీత గీసిన ఓపీ చీటీ ఉంది.

మన మిత్రులు కొందరు ఇక్కడ అడ్డుపడతారు. మొన్న ఒక అన్న అన్నాడు: “రోగం వ్యవస్థది తమ్మీ. కౌన్సెలింగ్ మనల్నే సర్దుకపొమ్మంటది.” ఆ మొదటి కౌన్సెలర్‌ను చూసినవాణ్ని, ఆ మాటను కాదనలేను. కానీ మా నాయిన గుండె కూడా వ్యవస్థ చేసిన గుండెనే కదా అన్నా. నలభై ఏళ్లు ఎండలో రాళ్లు కొట్టిన గుండె. కులం పోయేదాకా స్టెంటు వద్దని ఎవరూ అనలేదు.

ఆ అన్న అనుమానంలో తీసుకోవలసింది ఇంకొకటి ఉంది. రేపు కార్డులో కౌన్సెలింగ్ చేర్చారే అనుకుందాం. ఎదురు కుర్చీలో ఎవరు కూర్చుంటారు? క్లినికల్ సైకాలజీ చదివి రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదు కావడం అంటే ఎన్నేళ్ల చదువు, ఎంత ఫీజు. మన వాడల నుంచి ఎంఏ సైకాలజీ చేసిన పిల్లలు ఆ మెట్టు దగ్గరే ఆగిపోవడం నేను చూస్తున్నాను. ఆ చదువుకు స్కాలర్‌షిప్ అడగకుండా కార్డు మాత్రమే అడిగితే, ఆ వెయ్యిలో ఆరు వందలు మళ్లీ మనమే పాఠం చెప్పడానికి ఖర్చు పెడతాం. ఈసారి సర్కారు సొమ్ముతో.

ఈలోగా 14416 ఉంది. టెలీ మానస్, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికి వచ్చిన రాత్రి ఆ నంబరు కావాలి, అందరి ఫోన్లలో ఉండాలి. కానీ వారం వారం అదే మనిషి ముందు కూర్చుని, పోయినసారి ఆపిన దగ్గర నుంచి మొదలుపెట్టడం వేరు.

పిల్లవాడి విషయం. స్టాఫ్‌రూమ్‌లో ముగ్గురం తలా కొంత వేసుకున్నాం. నాలుగు సెషన్లు అయ్యాయి. డబ్బు ఎవరిదో వాడికి చెప్పలేదు, కాలేజీ ఫండ్ అన్నాం. అబద్ధమే. ఊరికి పోతున్నానని నేను చెప్పిన అబద్ధం లాంటిదే ఇది కూడా, తిరగేసినది. ముగ్గురిలో ఒకాయన గెస్ట్ ఫ్యాకల్టీ, ఆయనకే జీతం రెండు నెలలుగా రాలేదు. ఇది ఎన్నాళ్లు నడుస్తుంది, ఇంకెంతమందికి నడుస్తుంది? వాడి తర్వాత ఇంకో ఇద్దరు వచ్చి సైకిల్ స్టాండ్ దగ్గర నా కోసం నిలబడ్డారు. డయాలసిస్ లాగా ఓపీ కౌన్సెలింగ్‌ను కూడా ప్యాకేజీలో చేర్చమని, 21వ సెక్షన్ చూపిస్తూ ఒక వినతిపత్రం రాస్తున్నాను. చీటీలో ‘కౌన్సెలింగ్ అవసరం’ అని రాయించుకుని ఎక్కడికి పోవాలో తెలియక ఇంటికి వచ్చేసినవాళ్లు ఉంటే, పేరు కొట్టేసి ఆ చీటీ ఫోటో పంపండి. జత చేస్తాను.

నిన్న ఆదివారం ఊరికి పోయాను. అమ్మ అన్నం పెడుతూ అడిగింది.

“ఆ పిలగానికి ఎట్లున్నది?”

“జర నిద్ర వడ్తున్నదంట.”

“తాయెత్తు కట్టిచ్చిన్రా?”

“లేదమ్మా. మాట్లాడిస్తున్నరు.”

అమ్మ కాసేపు ఊరుకుంది. పప్పు వేసింది. తర్వాత అంది, “మరి మా నాత్తుకు గప్పుడు గట్ల మాట్లాడెటోళ్లు ఉంటే ఎంత తీస్కుందురు?”

చెప్పాను. అమ్మ మనసులో ఏదో లెక్క కట్టుకుంది. ఆ రోజుల్లో కూలి ఎంతో నాకు తెలియదు, ఆమెకు తెలుసు.