మలివయసు దంపతులు, సంఘ యువత, కొంత వైద్యం

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన నాటికి మన సగటు ఆయుర్దాయం సుమారు 32 సంవత్సరాలు. నేడు అది 70 దరిదాపుల్లో ఉంది. టీకాలు, శుభ్రమైన నీరు, యాంటీబయాటిక్ మందులు, రక్తపోటు మాత్రలు, కంటి శుక్లాల శస్త్రచికిత్సలు అన్నీ కలిసి మనకు ఈ అదనపు సంవత్సరాలను సంపాదించి పెట్టాయి. ప్రభుత్వ వైద్యునిగా నా ఉద్యోగకాలమంతా ఆ సంపాదనకు కూలిపని చేశాననే అనుకుంటాను. అయితే ఆ సంవత్సరాలను ఏ విధంగా వినియోగించుకోవాలో నేను చదివిన వైద్యగ్రంథాలలో ఎక్కడా లేదు.

నాకు 74 ఏళ్ళు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేసిన మా శ్రీమతికి 70. గత సంవత్సర కాలంగా మేమిద్దరం ముదినేపల్లిలో మా సంఘంలోని యౌవనస్థుల బాధ్యతలో పాలు పంచుకుంటున్నాం. మతబోధ ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మీ సేవాస్థలం దేవాలయం కావచ్చు, మసీదు కావచ్చు, ఊరి గ్రంథాలయం కావచ్చు. వయసు మళ్ళిన దంపతులు యువతరంతో కలిసి పనిచేసేటప్పుడు ఉభయుల ఆరోగ్యం విషయంలో తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. వాటిని చెప్పడానికే ఇది వ్రాస్తున్నాను.

నాటి దంపతులు, నేటి దంపతులు

మా ప్రాంతానికి దంపతుల మిషను సేవ కొత్త కాదు. 1836లో ఆంథోనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ తమ భార్యలతో సహా గోదావరి డెల్టాలో, నరసాపురం ప్రాంతంలో పనిచేశారు. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ మచిలీపట్నం చేరారు. 1843లో నోబుల్ ప్రారంభించిన పాఠశాలే తరువాత నోబుల్ కళాశాలగా ఎదిగింది. వీరిలో చాలామంది వచ్చినప్పుడు యువకులు. నోబుల్ 1865లో మచిలీపట్నంలోనే మరణించారు. ఫాక్స్ 1848లో, ముప్పై ఏళ్ళు దాటీ దాటకుండానే కన్నుమూశారు. ఆ కాలంలో జ్వరాలకు, విరేచనాలకు, కలరాకు సరైన చికిత్స లేదు. సేవకు వెళ్ళేవారు వార్ధక్యం వరకు బ్రతుకుతామని లెక్క వేసుకునే వీలు లేదు.

నేడు పరిస్థితి తలక్రిందులయింది. ఉద్యోగాలు ముగించుకుని, పిల్లల పెళ్ళిళ్ళు చేసి, మనుమలను ఎత్తుకున్న తరువాత సేవకు బయలుదేరే దంపతులు ప్రపంచమంతటా కనిపిస్తున్నారు. సాల్ట్ లేక్ సిటీ కేంద్రంగా గల యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో ఇదొక క్రమబద్ధమైన ఏర్పాటు. యువకులు 24 నెలలు, యువతులు 18 నెలలు సేవ చేస్తారు. వారికి తోడుగా పెద్దవయసు దంపతులు 6 నుంచి 23 నెలల వరకు తమ సొంత ఖర్చుతో వెళ్తారు. యువతీయువకుల బస సక్రమంగా ఉందో లేదో చూడడం, వారికి జబ్బు చేస్తే కనిపెట్టి ఉండడం, తరగతులు నడపడం, లెక్కలు వ్రాయడం వంటి పనులు ఈ దంపతులవి. ఆ సంఘపు తెలుగు శాఖలు హైదరాబాదు, విశాఖపట్నం, రాజమహేంద్రవరాలలో ఉన్నాయి. మా సంఘం వేరు, మా పద్ధతులు వేరు. కాని వారి ఏర్పాటులో రెండు అంశాలు వైద్యునిగా నాకు నచ్చాయి. మొదటిది, బయలుదేరే ముందు వైద్య పరీక్ష, దంత పరీక్ష తప్పనిసరి. రెండవది, సేవకు ఒక గడువు ఉంటుంది. మేము కూడా ఈ రెంటినీ పాటించాం. 18 నెలలని గడువు పెట్టుకున్నాం.

మా దినచర్య

ముదినేపల్లి గుడివాడ, కైకలూరుల నడుమ ఉన్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారింది. చుట్టూ వరిచేలు, వాటికి మించి చేపల చెరువులు. మా యువతలో గుడివాడకు డిగ్రీ చదువుకు వెళ్ళేవారు, నర్సింగు చదివే అమ్మాయిలు, పోటీ పరీక్షలకు తయారయ్యేవారు, చేపల వ్యాను నడిపేవారు, రాత్రులు చెరువుల మీద కాపలా ఉండేవారు ఉన్నారు. అందరూ ఒకే సమయానికి దొరకరు. అందుచేత బుధ, శుక్ర, శనివారాల సాయంత్రాలు మేము ప్రార్థన మందిరం ప్రక్క గదిలో ఉంటాం. శనివారం రాత్రి అందరికీ భోజనం. వంట పిల్లలే చేస్తారు. ఉప్పు, నూనె కొలిచి ఇవ్వడం మాత్రం మా శ్రీమతి పని. మొదట్లో పులుసు చప్పగా ఉందని గొణిగినవారు ఇప్పుడు ఊరుకున్నారు, అలవాటై కాబోలు.

ఉదయం నడక, మధ్యాహ్నం ఒక గంట విశ్రాంతి, రాత్రి తొమ్మిదిన్నరకల్లా ఇల్లు. ఈ మూడింటినీ మేము ఎవరికోసమూ వదులుకోము. సంఘ కాపరిగారికి మొదటి రోజే ఈ మాట చెప్పాం. పెద్దవారు మొహమాటపడి రాత్రి పదకొండు వరకు కూర్చుంటే మరునాడు రక్తపోటు, నడుము నొప్పి, చిరాకు మూడూ కలిసి వస్తాయి. ఆ చిరాకు చివరకు పిల్లల మీదనే పడుతుంది.

పెద్దవారి శరీరం

సేవకు పూనుకునే ముందు రక్తపోటు, రక్తంలో చక్కెర, మూత్రపిండాల పనితీరు, కళ్ళు, చెవులు, పళ్ళు, పాదాలు పరీక్ష చేయించుకోండి. చెవులను చాలామంది లెక్కలోకి తీసుకోరు. యువకులు మనసు విప్పి మాట్లాడేది తగ్గు స్వరంతోనే. "ఏమిటీ? గట్టిగా చెప్పు బాబూ!" అని మనం రెండుసార్లు అంటే మూడవసారి వారు చెప్పరు. నేను వినికిడి యంత్రం పెట్టుకున్నది ఈ కారణం చేతనే.

మా సంఘాలలో శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది. మధుమేహం ఉన్న పెద్దలు దీనిని గురించి ముందుగా తమ వైద్యునితో మాట్లాడాలి. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని తీసుకుని భోజనం మానితే రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాములకు దిగువకు పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబాటు దాని లక్షణాలు. చూసేవారు దానిని ప్రార్థనలోని ఆవేశమని పొరబడే ప్రమాదం ఉంది. వెంటనే మూడు చెమ్చాల చక్కెర నీటిలో కలిపి త్రాగించి, పావుగంట తరువాత మళ్ళీ చక్కెర పరీక్షించాలి. స్పృహ లేని మనిషి నోట ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. మా గదిలో చక్కెర డబ్బా, గ్లూకోమీటరు ఎప్పుడూ ఉంటాయి. వాటి వాడకం మా యువతలో పదిమందికి నేర్పాం.

ఇంకొక విషయం మోకాళ్ళ ప్రార్థన. చాలాసేపు మోకరించి హఠాత్తుగా లేచినప్పుడు కొందరు వృద్ధులలో పై రక్తపోటు 20 మిల్లీమీటర్లు, అంతకు మించి కూడా పడిపోతుంది. కళ్ళు చీకట్లు క్రమ్మి పడిపోతారు. తుంటి ఎముక విరిగితే ఆ వయసులో కోలుకోవడం కష్టం. రక్తపోటు, ప్రోస్టేట్ మందులు వాడేవారిలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. కుర్చీలో కూర్చుని ప్రార్థించండి. మోకరించక తప్పదనుకుంటే బల్ల పట్టుకుని లేచి, ఒక నిమిషం కూర్చుని, ఆపైన నిలబడండి.

యువకుల శరీరం

యువత అంటే ఆరోగ్యమే అనుకుంటాం. అది పూర్తిగా నిజం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. పాట మధ్యలో ఆయాసపడి కూర్చునే అమ్మాయిని బద్ధకమని గద్దించకుండా రక్తపరీక్షకు పంపండి. భోజనం చేసిన వెంటనే టీ త్రాగితే ఆహారంలోని ఇనుము సరిగా ఒంటబట్టదని చెప్పండి. చెరువుల్లో దిగే అబ్బాయిలకు కాళ్ళపై గాయాలుంటే ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి వలన ఎలుక జ్వరం రావచ్చు. తీవ్రమైన జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళ ఎరుపు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రికి పంపాలి. రాత్రి కాపలాలో ఉండేవారికి పగటి నిద్ర అవసరం. ఆదివారం ఆరాధనలో కునికిపాట్లు పడే కుర్రవాడు రాత్రంతా చెరువు గట్టున మేలుకుని వచ్చి ఉండవచ్చు.

ఒక అబ్బాయి విషయం

అతని అనుమతితో, ఆనవాళ్ళు మార్చి చెబుతున్నాను. చెరువుల్లో మేత కట్టే పని చేసే 22 ఏళ్ళ యువకుడు. డోలక్ వాయించేవాడు. ఒక శనివారం రాత్రి ఇంటికి వచ్చాక మా శ్రీమతి అంది: "ఏమండీ, ఆ అబ్బాయి మూడు వారాలుగా అన్నం కెలికి లేచిపోతున్నాడు. డోలక్ కూడా వేరేవాళ్ళకు ఇచ్చేశాడు."

నా కంట పడని సంగతి అది. ముప్పై ఏళ్ళు తరగతి గదిలో వెనుక బల్లల మీద కన్నేసి ఉంచిన మనిషి ఆమె. మరునాడు ఆరాధన అయిన తరువాత అతనిని మా ఇంటికి పిలిచింది. కాఫీ ఇచ్చి ప్రక్కన కూర్చుంది. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తరువాత ఒక్కొక్కటే బయటపడింది. క్రికెట్ పందేలు, ఫోనులో తీసుకున్న అప్పు, బంధువులకు ఫోన్లు చేసి పరువు తీస్తామన్న బెదిరింపులు, నిద్రలేమి. ఇంట్లో వారు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు.

"చచ్చిపోదామని అనిపిస్తోందా నాన్నా?" అని ఆమె సూటిగా అడిగింది. అతను తల వంచుకుని, "అనిపిస్తోందండి అమ్మగారూ" అన్నాడు.

ఈ ప్రశ్న అడిగితే లేని ఆలోచనను మనమే పుట్టించినట్లవుతుందని చాలామంది భయపడతారు. ఆ భయం నిరాధారం. అడగడం వలన ఎక్కువమందికి గుండె బరువు తగ్గుతుంది, సాయం అందడానికి దారి ఏర్పడుతుంది. ఆ రాత్రి అతనిని ఒంటరిగా చెరువు మీదకు పంపలేదు. చెరువుల దగ్గర పురుగుమందులు, రసాయనాలు చేతికి అందుబాటులో ఉంటాయి. అన్నగారిని పిలిపించి తోడు ఉంచాం. మరునాడు మానసిక వైద్యుని వద్దకు నేను వెంట వెళ్ళాను. మా సంఘ కాపరిగారు, "నీ కొరకు ప్రార్థన చేస్తాం, నువ్వు మాత్రలు మానవద్దు" అని అందరి ఎదుట గాక అతనితో విడిగా చెప్పారు. ఆ ఒక్క మాట నా వైద్య సలహా కంటే బాగా పనిచేసింది.

దిగులు మందుల గుణం తెలియడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తగ్గిందని వెంటనే మానకూడదు. వైద్యులు చెప్పినన్ని నెలలు, తరచు ఆరు నెలలకు తక్కువ కాకుండా వాడాలి. అతను ఇప్పటికీ ఆ మందు వాడుతున్నాడు. అప్పు ఇంకా పూర్తిగా తీరలేదు. కొన్ని వారాలు వస్తాడు, కొన్ని వారాలు రాడు. రాని వారం మా శ్రీమతి ఫోన్ చేసి, "అన్నం తిన్నావా?" అని మాత్రమే అడుగుతుంది.

చేయకూడనివి

పదవీ విరమణ చేసిన వైద్యుడు సంఘంలో ఉంటే ప్రతివారూ చీటీ వ్రాయమంటారు. అత్యవసరమైతే తప్ప నేను మందులు వ్రాయను. ఏ ఆసుపత్రికి, ఎప్పుడు వెళ్ళాలో చెబుతాను. పిల్లలకు అప్పు ఇవ్వము, వారి పెళ్ళి సంబంధాలలో తలదూర్చము. ఒకరు చెప్పిన సంగతి మరొకరి చెవిన వేయము. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రమే ఈ చివరి నియమానికి మినహాయింపు, ఆ సంగతి వారికి ముందే చెబుతాం.

ఈ సేవ వలన పెద్దలకు కలిగే మేలు కూడా తక్కువది కాదు. అమెరికాలోని బాల్టిమోర్‌లో 60 ఏళ్ళు దాటినవారిని వారానికి 15 గంటలు ప్రాథమిక పాఠశాలలలో పిల్లల చదువుకు సాయపడేటట్లు చేసి పరిశోధకులు గమనించారు. ఇంట్లో కూర్చున్నవారి కంటే వారిలో కొందరికి, ముఖ్యంగా స్త్రీలకు, నడక పెరిగింది. మా ఇంట్లోనూ అదే చూస్తున్నాను. మోకాళ్ళ నొప్పులని గుమ్మం దాటని మా శ్రీమతి ఇప్పుడు సాయంత్రం నాకంటే ముందు చెప్పులు వేసుకుంటుంది. దంపతులలో ఒకరికి ఇష్టం లేకుండా రెండవవారు ఈ పనికి పూనుకోరాదు. మా ఇద్దరికీ వాదన వస్తే ఆ సాయంత్రం ఒకరమే వెళ్తాం, రెండవవారు ఇంటి వద్ద విశ్రమిస్తారు. యువతకు నటించే దంపతులను గుర్తుపట్టడం క్షణం పని.

మా గడువు ఇంకా ఆరు నెలలు ఉంది. ఆ తరువాత మా స్థానంలోకి రావడానికి ఒక విశ్రాంత పోస్టుమాస్టరు దంపతులు సుముఖంగా ఉన్నారు. ఆయనకు మధుమేహం, ఆమెకు రక్తపోటు. వైద్య పరీక్షలన్నీ చేయించుకుని రమ్మని చెప్పాను. ఒక కాగితం మీద వారికోసం నాలుగు విషయాలు వ్రాసి ఉంచాం: చక్కెర డబ్బా ఎక్కడ ఉందో, ఎవరికి రాత్రి కాపలా పని ఉందో, 108, మానసిక సహాయానికి రోజంతా ఉచితంగా తెలుగులో కూడా పలికే టెలీ మానస్ నంబరు 14416. అయిదవది మా శ్రీమతి తన చేత్తో చేర్చింది: "భోజనాల వేళ ఎవరి విస్తట్లో అన్నం మిగిలిందో చూడండి."

మీ ఊరిలోనూ అటువంటి గది ఒకటి ఉండే ఉంటుంది. ముందు మీ వైద్యుని కలిసి, ఆ తరువాత అక్కడికి వెళ్ళండి.