ఢిల్లీ నుంచి పాలం దాకా

నెల రోజుల క్రితం దాకా ఢిల్లీలో ధౌలా కువాన్ అంటే నాకు బస్సు కండక్టరు కేక, అంతే. "ధౌల్‌కువా, ధౌల్‌కువా" అంటూ రేకు మీద అరచేత్తో దబదబా బాదుతాడు. సగం బస్సు దిగుతుంది, దిగినవాళ్లకు రెట్టింపు మంది ఎక్కుతారు. గుర్‌గావ్ ఉద్యోగాలకు పోయేవాళ్లు, జైపూర్ బస్సు కోసం మూటలతో నిలబడ్డవాళ్లు, విమానం తప్పిపోతుందేమోనని గడియారం చూసుకునేవాళ్లు. ఇప్పుడా కేక వినిపిస్తే చాలు, ఒళ్లు పులకరిస్తోంది.

మొదలైంది పేరుతోనే. ధౌలా అంటే తెల్లనిది, కువా అంటే బావి అని ఆఫీసులో ఒకాయన మాటల్లో అన్నాడు. నేను తినే ముద్ద పక్కన పెట్టేశాను. ధౌలా మన ధవళమే! కువా మన కూపమే! అంటే అది ధవళకూపం. నేను పుట్టి పెరిగింది ధవళేశ్వరంలో. గోదావరి గట్టున కాటన్ దొర ఆనకట్ట పక్కన ఆడుకున్నవాణ్ణి, మా ఊరి పేరులో సగాన్ని మూడేళ్లుగా రోజూ రెండుసార్లు వింటూ గుర్తుపట్టలేదు.

ఆ బావి నిజంగానే ఉంది. ఆదివారం పొద్దున్నే వెళ్లాను. రింగ్ రోడ్డు మోత చెవుల్లో ఉండగానే పార్కులోకి అడుగుపెట్టాను. మొగల్ పాదుషా రెండో షా ఆలం కాలం నాటిదని చెబుతారు. బాటసారులకూ గుర్రాలకూ ఎద్దులకూ నీళ్లిచ్చిన చోటు. దారిలో బావి ఉందంటే దాని ముందూ వెనకా ఊళ్లున్నాయనే కదా అర్థం. ఈ దారి ఎక్కడికి పోయేది? పాలంకి. అక్కడ తెలిసింది నాకు అసలు సంగతి.

షా ఆలం గురించి ఢిల్లీలో ఒక సామెత ఉంది: ఆయన పాదుషాహీ ఢిల్లీ నుంచి పాలం దాకా అని. కాబూల్ నుంచి కావేరి దాకా చెల్లిన అధికారం చివరికి ఎర్రకోట నుంచి ఒక పల్లెటూరి వరకు, ఇరవై కిలోమీటర్ల లోపు మిగిలిందన్నమాట. ఈ సామెత అంతకు మూడు వందల ఏళ్ల ముందు ఏలిన సయ్యద్ వంశపు ఆలం షా మీద పుట్టిందనేవాళ్లూ ఉన్నారు. ఎవరి మీద పుట్టినా పొలిమేర మాత్రం పాలమే. ఇలాంటి పొలిమేరే ఇంకోటుంది. ఇంగ్లండ్ ఉత్తరాన 122లో రోమన్ చక్రవర్తి హేడ్రియన్ మొదలుపెట్టించిన 117 కిలోమీటర్ల గోడ వెంట చిన్న చిన్న పల్లెలున్నాయి. రోమన్ రాజ్యం మా పెరటి దాకా వచ్చి ఆగిందని అక్కడివాళ్లు గర్వంగా చూపిస్తారు. ఆ గోడ ఫొటోలు చూసి ఎంత ఈర్ష్య పడ్డానో! ఒక సామ్రాజ్యపు సరిహద్దు నా బస్సు రూటులోనే ఉంది. గోడ లేదు, బురుజు లేదు. ఒక మాట, ఒక బావి, ఒక ఊరు ఉన్నాయి.

ఇక షా ఆలం వెనకాలే పడ్డాను. 1772లో మరాఠాల అండతో ఢిల్లీలో అడుగుపెట్టాడు. 1788లో రోహిల్లా నాయకుడు గులాం ఖాదిర్ ఆయన కళ్లు పీకించాడు. చూపు లేకుండా ఇంకో పద్దెనిమిదేళ్లు బతికి 1806లో పోయాడు. చదువుతుంటే గుండె బరువెక్కింది. కానీ నన్ను కుర్చీలోంచి లేపింది 1765. ఆ ఆగస్టులో అలహాబాదులో ఈస్టిండియా కంపెనీ తరఫున వచ్చిన క్లైవ్‌కి బెంగాల్ దివానీ (పన్ను వసూలు హక్కు) రాసిచ్చిన ఈ పాదుషాయే, ఉత్తర సర్కారుల ఫర్మానా కూడా ఇచ్చాడు. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి, గుంటూరు! తన రాజధానిలో కాలు పెట్టే వీలు కూడా లేని రోజుల్లో మా గోదావరిని కంపెనీకి కాగితం మీద రాసిచ్చాడు. ఆ సర్కారులు చేతిలో ఉన్న నిజాం ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది కంపెనీ ఆయనతో విడిగా ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. మా ఊరి కథలో ఒక పేజీ ఈ పాదుషా చేతి మీదుగా నడిచిందని మా స్కూల్లో ఒక్క మాట చెప్పి ఉంటే!

పాలం ఇంకా పాతది. అక్కడ దొరికిన ఒక సంస్కృత శాసనం బల్బన్ సుల్తాను కాలానిది, అంటే పదమూడో శతాబ్దం. ఉద్ధర అనే ఠక్కురుడు పాలం ఊరికి తూర్పున మెట్లబావి తవ్వించాడట. తూర్పున అంటే మన ధౌలా కువాన్ వైపే! ఆయన పూర్వీకులది ముల్తాన్ దిక్కున ఉచ్చ అనే ఊరు. ఆ దిక్కే అప్పటి అసలు సరిహద్దు. మంగోలులతో పోరాడుతూ బల్బన్ పెద్దకొడుకు 1285లో ప్రాణాలు వదిలింది అటే. శాసనం రాసిన పండితుడు సుల్తాను రాజ్యాన్ని గౌడ దేశం నుంచి గజనీ దాకా, దక్షిణాన సేతువు దాకా చాపేశాడు. భూభారం ఈయన మోస్తున్నాడు గనక విష్ణుమూర్తి పాలకడలిలో నిశ్చింతగా నిద్రపోతున్నాడన్నాడు. ఆ శ్లోకార్థం చదివి లేచి గదిలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను. సేతువు దాకా అని ఒకరు రాసిందీ, పాలం దాకా అని ఇంకొకరు అన్నదీ ఒకే ఊరి చుట్టూ. రెంటికీ నడుమ అయిదు వందల ఏళ్లు.

మొన్న సాయంత్రం ధౌలా కువాన్ మెట్రోలో దిగి, పింక్ లైను వైపు స్కైవాక్ మీద నడిచాను. కదిలే పట్టా మీద నిలబడితే అద్దం అవతల హెడ్‌లైట్ల ప్రవాహం, వేప కొమ్మల మీద బూడిద రంగు దుమ్ము. కొసన స్టేషన్ బోర్డు: దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. దుర్గాబాయి పుట్టింది రాజమండ్రిలో, 1909లో. రాజ్యాంగ సభలో కూర్చున్న మనిషి. దగ్గర్లోనే 1961లో తిరుమల తిరుపతి దేవస్థానం పెట్టిన శ్రీ వేంకటేశ్వర కళాశాల. పాదుషా ఫర్మానాలో ఒక వరసగా ఉన్న రాజమహేంద్రవరం, ఆయన బావి పక్కనే ఇలా పేరై వెలసింది. ఆ బోర్డు కింద చాలాసేపు నిలబడ్డాను. ఒకతను "దారి తప్పారా?" అని అడిగాడు.

అమ్మకు ఫోన్ చేసి అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. మొత్తం విని, "అయితే అది మన ఊరి బావేరా" అంది.

వచ్చే ఆదివారం ఎర్రకోట దగ్గర బయలుదేరి పాలం దాకా నడవబోతున్నాను. తెల్లారకముందే కదలాలి. మధ్యాహ్నం ఎండ ముదిరేసరికి ధౌలా కువాన్‌లో బావి దగ్గర ఉంటే, అక్కడ చద్ది మూట విప్పుకుని, సాయంత్రానికి పొలిమేర చేరుకోవచ్చు.