అందానికి కాదు... అన్నానికి!

తెరమీద నాయిక మెరుపుతీగలా ఉంటుంది. ఆమె నవ్వితే మీకు వినిపించేది నా నవ్వు. పదకొండేళ్లుగా డబ్బింగ్ చెబుతున్నాను. మైకు ముందు నిలబడ్డ మనిషి 112 కిలోలని ప్రేక్షకుడికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు!

కానీ మోకాళ్లకు తెలుస్తుంది కదండీ. పైగా షుగరు. అందుకే 2019లో స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. కడుపులో ముప్పాతిక భాగం కోసి తీసేసి, అరటికాయలాంటి గొట్టాన్ని మిగులుస్తారు. ఏడాదిలో 34 కిలోలు తగ్గాను. స్టూడియో గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను ఆపి "ఎవరు కావాలమ్మా?" అన్నాడంటే చూసుకోండి!

మూడో ఏడు నుంచి బరువు మెల్లిగా వెనక్కి రాసాగింది. 18 కిలోలు వచ్చేశాయి. అది ఒక ఎత్తు. రాత్రి నడుం వాలిస్తే చాలు, గొంతులోకి పుల్లటి మంట ఎగదన్నేది. రెండు దిండ్లు, మూడు దిండ్లు... చివరికి కుర్చీలోనే నిద్ర. పొద్దున లేస్తే గొంతు గరగర. "అక్కా, సీన్లో అమ్మాయికి ఇరవయ్యేళ్లు. మీ గొంతు నలభై పలుకుతోంది" అన్నాడు రికార్డిస్టు కుర్రాడు. పాపం, మెత్తగానే అన్నాడు. ఆ చిత్రం ఇంకొకరికి వెళ్లిపోయింది.

"నోరు కట్టుకోలేదేమో" అని చుట్టాలు. ఎండోస్కోపీ చేసిన డాక్టరుగారు మాత్రం వేరే సంగతి చెప్పారు. సన్నటి గొట్టంలో ఒత్తిడి ఎక్కువై ఆమ్లం పైకి తన్నుతుందట. స్లీవ్ అయినవాళ్లలో కొందరికి ఈ బాధ వస్తుందట. ఇక బరువు సంగతంటారా, బాగా చిక్కిన శరీరం ఆకలి పెంచి, ఖర్చు తగ్గించి, పోయింది రాబట్టుకోవాలనే చూస్తుంది! మందులు వాడాం. గొంతు రాలేదు. "బైపాస్‌గా మారుద్దామమ్మా" అన్నారు.

బైపాస్ అంటే గుండెది కాదు, కడుపుది. 1966లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ మొదలుపెట్టిన పద్ధతికి తర్వాతి రూపం. పైన కోడిగుడ్డంత సంచి మాత్రం ఉంచి, చిన్నపేగును తెచ్చి దానికి కలుపుతారు. ఆమ్లం ఊరే భాగం పక్కకు పోతుంది.

అమ్మ వినగానే ఆర్తీ అగర్వాల్ పేరెత్తింది. 'నువ్వు నాకు నచ్చావ్' నాయిక 2015 జూన్‌లో, 31 ఏళ్లకే అమెరికాలో కన్నుమూశారు. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారు. అది చర్మం కింద కొవ్వు లాగేసే పని, కడుపు జోలికి పోదు. అమ్మకది చెప్పి లాభమేమిటి? రెండోసారి కోతలో ప్రమాదం ఎక్కువనీ, పాత కుట్ల దగ్గర పేగులు అతుక్కుని ఉండవచ్చనీ, బరువు మొదటిసారంత తగ్గదనీ డాక్టరుగారే ఆమె ఎదుట చెప్పారాయె!

"అమ్మా, ఇది అందానికి కాదు, అన్నానికి" అన్నాను. ఆవిడ జవాబివ్వలేదు. లోపలికెళ్లి నా చీరలు సంచిలో సర్దింది.

2023 ఆగస్టులో అయింది. తగ్గింది 9 కిలోలే. బి12, ఐరన్, కాల్షియం బిళ్లలు జన్మంతా మింగాల్సిందే. రెండు పూతరేకులు తింటే చెమటలు, గుండెదడ. మంట మాత్రం వారంలోనే పోయింది. గొంతుకే ఆరు నెలలు పట్టింది, అదీ కాస్త లోతెక్కి వచ్చింది. ఇప్పుడు నాయికకు కాదు, ఆమె వదినకు చెబుతున్నాను. రాత్రిళ్లు తల కింద ఒక్కటే దిండు. మిగతా రెండింటినీ అమ్మ అటకెక్కించేసింది.